కాటా ముల్లు

మెడనొప్పికి వెళ్తే
చెప్పులు విప్పమంది.

కొత్తపేట సందులో రెండో అంతస్తు,
నరాల డాక్టరుకీ పళ్ళ డాక్టరుకీ మధ్య ఇరుకు గది.
మూడేళ్ళ మెడ నాది.
సీసాలకొద్దీ నూనె తాగింది, పట్టీ కట్టుకుంది,
నాలుగు దిళ్ళు మార్చింది,
ఎక్స్‌రేలో ఏమీ లేదనిపించుకుని
ఇంట్లో నన్ను అబద్ధాలకోరును చేసింది.
ఆ పిల్ల, పేరు నఫీసా, మా రెండోదాని వయసుంటుంది,
మెడ వంక చూడనైనా చూడలేదు.
బకెట్లో నీళ్ళు. నేలమీద పాత పేపరు.
"తడికాళ్ళతో నడవండి బాబాయ్ గారూ,
మామూలుగా. ఫొటోకి నిలబడ్డట్టు కాదు."

మామూలుగా నడవడం
ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

కుడిపాదం కొడవలిలా వంపు తిరిగింది,
లోపలి పక్క అక్షరాలు పొడిగానే మిగిలాయి.
ఎడమది
ఇటుక. అచ్చంగా ఇటుక.
సంపాదకీయం మొత్తం తడిసిపోయింది.

"ఇక్కడ కుంగింది" అని
పెన్సిలు పట్టుకుని నా ఒంటి మీదే మెట్లెక్కింది.
అరికాలు కుంగితే చీలమండ లోపలికి ఒరుగుతుందట,
మోకాలు దాని వెంటే చూస్తుందట,
తుంటి ఒక పక్క దిగుతుంది,
వెన్ను ఊరుకోదు, అటు లాగితే ఇటు లాగుతుంది.
"చివర్లో తల.
చూపు సమంగా ఉండాలి కదా,
కింద జరిగినవన్నీ సర్దేది పాపం మెడే."

కాటా ముల్లు, అన్నాను.
"ఏంటి?" అంది.

ఏం చెప్పను ఆ పిల్లకి.
మిర్చి యార్డులో ఇరవై రెండేళ్ళుగా
కాటా పక్కన నిలబడ్డవాణ్ణి.
బరువంతా ఎడంకాలి మీద, కుడికాలు ఊరికే,
మోచేతి మీద తూకాల పుస్తకం.
తేజా, బ్యాడిగి, తాలు,
తుమ్ము, మళ్ళీ తుమ్ము,
టిక్కీ తరవాత టిక్కీ.
ముల్లు వణికి నిలబడేదాకా ఊపిరి బిగబట్టి
అరకిలో తేడాకి గొంతు చించుకున్నవాణ్ణి.
ఇప్పుడు ఎర్ర అంకెలొచ్చాయి, ముల్లు పోయింది,
నిలబడడం మాత్రం పోలేదు.
పళ్ళెం కింద ఎవడు రాయి పెట్టినా
ఇట్టే వాసన పట్టేవాణ్ణి.
నా పళ్ళెం ఒకటి కుంగుతూ ఉంటే
ముల్లును తిట్టాను,
ముల్లుకే నూనె రాశాను.

మర్నాడు షెడ్డులో ఎవరి మొహమూ చూడలేదు.
సిమెంటు మీద ఎర్ర ధూళిలో
పాదాలు చదువుకుంటూ తిరిగాను.
ఏసోబుది దూరం నుంచే తెలుస్తుంది,
ఐదు వేళ్ళూ విసనకర్రలా విచ్చుకుని,
వంపు కింద ధూళి చెక్కుచెదరకుండా.
నలభై కిలోలు వీపున ఉన్నా
ఆ వంతెన కింద చీమ నింపాదిగా పోవచ్చు.
"చెప్పులేసుకోవుగా, అందుకేనేమో" అన్నాను,
కొంచెం ఈర్ష్యగానే.
మడమ తిప్పి చూపించాడు.
పగుళ్ళు. పగుళ్ళ నిండా కారం.
"మార్చుకుందామా సారూ?"
నవ్వాడో లేదో, టిక్కీ అడ్డమొచ్చింది.

ఎడమ చెప్పులో ఇప్పుడు బెండుముక్క.
అరండల్‌పేటలో చెప్పులు కుట్టేాయన
రెండుసార్లు కోసి అతికించాడు.
రోజూ కాలివేళ్ళతో గోలీలు ఏరి డబ్బాలో వెయ్యాలట.
గోలీలెక్కడివి నా దగ్గర?
ఎండుమిరపకాయలు పరిచాను, బల్లకింద, ఎవరూ చూడకుండా.
చిటికెనవేలు నాదేనని
నా మెదడు ఎప్పుడో మర్చిపోయినట్టుంది.
మొదటిరోజు ఒక్కటీ లేవలేదు.
గురువారానికి మూడు.
ఆదివారం మా ఆవిడ చూసి
"తినే సరుకు కాలితోనా!" అని డబ్బా లాక్కుంది.
తాలుకాయలే, అన్నాను. వినలేదు.

మెడా? ఇంకా నొప్పే.
కాకపోతే సాయంత్రం యార్డు గేటు దగ్గర
బస్సు కోసం నిలబడి
అలవాటుగా ఎడమకి వాలబోతూ
ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు ఆగుతున్నాను.
కాస్త ఇటు, కాస్త అటు.
ముల్లు వణుకుతోంది.
తూకం ఇంకా రాసుకోలేదు.