గాలి లేదనే గుర్తు

చేరిన మొదటి వారం ముకుందం గారు
నల్లసిరా సీసా, సన్నపాళీ కలం చేతికిచ్చి
"ముందు చుక్క పెట్టడం నేర్చుకో" అన్నారు.

చుక్క అంటే వాన.
రెండు పక్కపక్కనే పెడితే ఆగని వాన.
కామా అయితే తుంపర.
అడ్డంగా మూడు గీతలు పొగమంచు.
పడుకోబెట్టిన ఎనిమిది ధూళిమసక.
రేవులో ఇనుప ఖనిజం ఓడలకెక్కే రోజుల్లో
అది రాసీ రాసీ
నిద్దట్లోనూ వేళ్ళు వాటంతటవే తిరిగేవి.

ఆకాశం ఒక సున్నా.
సగం కమ్మితే సగం నింపాలి,
అంతా కమ్మితే నల్లద్రాక్ష.
దానికి ఒంటికాలు, గాలి వచ్చే వైపుకి.
కాలికి ఈకలు.
ఈక ఒక్కింటికి పది నాట్లు,
వరినాట్లు కాదు, సముద్రపువి.
యాభైకి చేరితే ఈకలు చాలవు, జెండా కట్టాలి.

మంచు కురిస్తే నక్షత్రం.
పాతికేళ్ళ ఉద్యోగంలో విశాఖ మీద
ఒక్కసారీ పెట్టలేదు దాన్ని.
మే నెల మధ్యాహ్నం ఒకటి, కరెంటు పోయినప్పుడు మాత్రం
చిత్తుకాగితం మీద ఊరినిండా పెట్టుకుని
ఎవరూ చూడకుండా చించేశాను.

పోలమ్మది పెదజాలరిపేట.
గంప దించి, మా మెట్ల మీద కూర్చుని
కోనెం ముక్కలు కోస్తూ
మనవడి ఫోను నా ముందుకి తోస్తుంది.
"ఏటమ్మా ఈ బొమ్మ?
మబ్బుకి మూడు సుక్కలు ఏలాడతన్నాయి,
పక్కన నలబై అని ఉంది."

ఇలాంటి రోజులు పది వస్తే
నాలుగింట్లో వాన పడుతుందని అర్థం, అన్నాను.
"మరి రేపు ఆ నాలుగింట్లోదా, ఆరింట్లోదా?"
దీనికి ముకుందం గారి దగ్గర కూడా గుర్తు లేదు.

ఆ అక్టోబరు పొద్దున
జెండా మీద జెండా కట్టాం.
ఆఫీసు కిటికీ అద్దాలు మాకంటే ముందే సెలవు పెట్టాయి.
బల్ల కింద, టార్చి వెలుతురులో గీస్తున్నాను.
ఉన్నట్టుండి
చెవులు మూతపడ్డంత నిశ్శబ్దం.
ఎక్కణ్ణించో పిట్ట కూసింది కూడా.
"రాయి" అన్నారు ముకుందం గారు, గొంతు పెగల్చుకుని.

గాలి లేదనడానికి
సున్నా చుట్టూ ఇంకో సున్నా.
కాలు లేదు, ఈక లేదు, జెండా లేదు.
నా ఊరి మీద పెట్టాను దాన్ని
పెద్ద గాజులో చిన్న గాజు దాచినంత జాగ్రత్తగా.
పటం మొత్తంలో అదొక్కటే ప్రశాంతంగా ఉంది.

సరిగ్గా ఆ సున్నా లోపల
పోలమ్మ పెనిమిటి ఎర్రయ్య
వెలిసింది కదాని తలుపు తీసి
బోటు తాడు చూసుకోడానికి ఇసకలోకి దిగాడు.
పోయిన గాలి
రెండోవైపు నుంచి తిరిగొచ్చింది, ఎవరిదో ఇంటి రేకు పట్టుకుని.
బతికాడు.
ఒంటికాలు మీద నిలబడి వలలు అల్లుతాడిప్పుడు.

నేను తప్పు రాయలేదు.
ఆ నిమిషానికి అక్కడ గాలి లేదు.
ఈ మాట పోలమ్మకి చెబుదామనే
పదేళ్ళుగా కోనెం కొంటున్నాను.

కలం పోయింది. చుక్కలు కంప్యూటరే పెట్టుకుంటోంది.
ఇవాళ పోలమ్మ ఫోనులో సూర్యుడు,
పసుపు రాసుకుని, అమాయకంగా.
బొటనవేలితో వాణ్ణి మూసేసి
కైలాసగిరి వైపు ముక్కెత్తి
"ఈదర తిరిగిందమ్మా" అంది.

ముంజేతి మీద ఏదో పడింది.
ఒక్కటే.
చుక్కో కామాయో
నేనింకా తేల్చుకోలేదు.