ప్లస్ గుర్తు

పంతొమ్మిది డైరీలు. బియ్యం సంచిలో మోసుకుంటూ
ఛత్తా బజార్ మెట్లెక్కి వచ్చింది రైలి.
"చెద పట్టింది భయ్యా, జర కుట్టియ్యి."
డెబ్బై దాటినట్టుంది. తెల్లటి కనురెప్పలు.
మాట మాత్రం మారేడ్‌పల్లిది.

నలభై ఏళ్ళుగా దారం ఎక్కిస్తున్నవాణ్ని.
ఉర్దూ, తెలుగు, కోర్టు ఇంగ్లీషు, ఏదైనా
సూదికి ఒకటే.
ఈ రాత మాత్రం చూళ్ళేదు.
అక్షరాల నెత్తిన రెండేసి చుక్కలు,
చీమలు చక్కెర మోసుకుపోతున్నట్టు.

ప్రతి పేజీ తలమీద ఒక అంకె.
"అమ్మ అలవాటు. ముందు చలెంతో రాయాలి, తర్వాతే ఏదైనా."
మొదటి రెండు డైరీలూ మైనస్‌లే.
మైనస్ ముప్పై ఒకటి. ఆవు ఈనింది.
మైనస్ ఇరవై. పొలం అమ్మేశాం.
మూడోదాన్నుంచి ప్లస్‌లు.
ఈ ఊళ్ళో మైనస్ ఎన్నడూ రాదని తెలిసీ
ముప్పై నాలుగేళ్ళు
ఆ గుర్తు వెయ్యడం మానలేదు.

స్టూలు లాక్కుని కూర్చుని చదివింది.
సనత్‌నగర్‌లో బాయిలర్లు బిగించడానికొచ్చిన నాన్న, ఆర్నె,
పెరట్లో చెక్కతో ఆవిరి గది కట్టాడు.
మే నెల. ప్లస్ నలభై రెండు.
లచ్చవ్వ గోడ మీంచి తొంగిచూసి
"బయట ఉడుకు సాల్తలేదా అమ్మా?" అన్నదట.
ఆ మాటా ఉంది డైరీలో, తెలుగే, వాళ్ళ లిపిలో.

వాళ్ళ భాషలో కల అంటే చేప.
"మోండా మార్కెట్‌లో ఇవాళ మంచి కల దొరకలేదు"
అని చదివి తనే నవ్వింది.
కుక్క అంటే పువ్వు.
లచ్చవ్వ మొదటిసారి అక్కా అని పిలిస్తే
రెండ్రోజులు తలుపు తియ్యలేదట వాళ్ళమ్మ.
అక్కడ అక్క అంటే ముసలి గయ్యాళి.
తర్వాతి డైరీల మొదటి పేజీలో అదే పేరు:
హెల్వి అక్క.

పదకొండోదాని దగ్గర ఆగింది.
ప్లస్ ముప్పై ఎనిమిది. కింద ఏమీ లేదు.
మర్నాడు ప్లస్ ముప్పై తొమ్మిది. ఖాళీ.
అలా ఇరవై రెండు రోజులు.
"నాన్న" అంది. పేజీ తిప్పింది.
ప్లస్ ఇరవై తొమ్మిది. వాన.
పాలవాడి బాకీ తీర్చాను.

అంచులు కోస్తే అక్షరాలు పోతాయి,
కొసదాకా రాసింది మహాతల్లి, కాగితం పొదుపు.
కత్తి పక్కన పెట్టాను. గరుకుగానే ఉండనీ.
మైదా జిగురులో మైలుతుత్తం
ఈసారి కాస్త ఎక్కువే కలిపాను.

"అట్ట మీద పేరేం వెయ్యమంటారు?"
"పేరెందుకు? సాళ్ళు వెయ్యి, చాలు."
బేరం మాత్రం గట్టిగా ఆడింది, నూటయాభై తగ్గించింది.
మెట్లు దిగుతూ, వెనక్కి తిరక్కుండా అడిగింది,
చివరిదానికి ఓ నలభై తెల్లకాగితాలు కలుపుతావా అని.

వానలు. జిగురు ఆరడానికి ఎనిమిది రోజులన్నాను.
రాత్రి లెక్కల పుస్తకం తెరిచి
అడ్వాన్సు రాయబోతూ కిటికీ వైపు చూశాను.
ప్లస్ ఇరవై ఆరు ఉంటుందేమో.
అదే ముందు రాశాను.