ఏడుపు కన్నం

పొద్దున్నే మూత తీస్తే
గీత కింద నాలుగు వేళ్ళు దిగి ఉంటుంది నీరు.
నేల మీద మాత్రం మరక లేదు.
రాత్రంతా బండి కింద అట్ట పరిచి ఉంచాను,
రొయ్య బొమ్మ అచ్చేసిన అట్ట.
తెల్లారి లాగి చూస్తే
రొయ్య పొడిగానే ఉంది.

రెండువేల ఆరు మోడలు పికప్పు నాది.
హార్బరులో ఐసూ చేపల ట్రేలూ ఎత్తుకుని
చీకటుండగానే ఆనందపురం చేరాలి.
హనుమంతవాక దాకా బుద్ధిగానే వస్తుంది.
ఎండాడ ఎత్తు మొదలయ్యాక
వేడి ముల్లు సగం దాటి, ముప్పావు దాటి
ఎర్రగీత గుమ్మంలో నిలబడుతుంది.
వెనక టన్ను ఐసు,
ముందు మరిగే ఇంజను,
మధ్యలో నేను, బీడీ కూడా వెలిగించకుండా.

మూడు వారాలు నీళ్ళు పోసి నడిపాను.
సీటు వెనక ఖాళీ సీసాలు దొర్లుతుంటే
మలుపు మలుపుకీ ఎవరో వెక్కిరించినట్టుండేది.

జ్ఞానాపురంలో, రైలు గోడ పక్కన, జోజప్ప మేస్త్రి షెడ్డు.
బానెట్టెత్తి ముందు వాసన చూశాడు.
గొట్టం మీద ఆరిన పచ్చ మరకని గోటితో గీకి
నాలిక కొసకి తాకించి ఉమ్మేశాడు.
"తియ్యగుంది. కూలెంటే పోతంది.
కుక్కలు నాకుతాయి బాబూ, నాకి సస్తాయి.
కారిన కాడ మట్టెయ్యాల."

ఆయిలు పుల్ల వెలుతురుకి పట్టాడు: పాల రంగు లేదు.
సైలెన్సరు దగ్గర అరచెయ్యి పెట్టాడు: తెల్లపొగ లేదు.
"హెడ్డు బాగుంది. బతికిపోనావు."

సైకిలు పంపు గొట్టం రేడియేటరు నోటికి బిగించి
గుంటడు నీలకంఠం చేత గాలి కొట్టించాడు.
చాలు, చాలు, ఆపు.
ముగ్గురం ఊపిరి బిగబట్టాం.
గోడవతల గూడ్సు పోయేదాకా ఆగాం.
అప్పుడు వినిపించింది,
దోమ చెవిలో మాటాడినంత చిన్నగా.

బెల్టు వెనక, వాటర్ పంపు మెడ కింద.
కారింది కారినట్టే వేడి ఇనుము మీద ఆవిరైపోతుంటే
అట్ట మీది రొయ్య ఎలా తడుస్తుంది?

మూడు బోల్టులు వచ్చాయి.
నాలుగోదాన్ని ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది,
తల ఊడి స్పానరుతో పాటు చేతికొచ్చింది.
దాని మొండెం తీసేసరికి మధ్యాహ్నం దాటింది.

పంపు తిరగేసి, మెడ కింద చూసి, జోజప్ప ఆగాడు.
"దీన్ని ఏడుపు కన్నం అంటాం.
లోపల సీలు అరిగితే ముందిక్కడ రెండు బొట్లు రాలతాయి,
బేరింగు పోకముందే మనకి సెప్పడానికి.
ఏడవడానికే పెట్టిన కన్నాన్ని
ఎవుడో మూసీసినాడు."

స్క్రూడ్రైవరుతో పెకలిస్తే ఎంసీలు ముద్ద ఊడిపడింది.
దాని మీద ఒత్తిన బొటనవేలి ముద్ర,
గీతలు గీతలుగా,
మధ్యలో అడ్డంగా ఒక కోత.

పోయిన వానల్లో, హార్బరు గేటు దగ్గర,
రెండు బొట్లు చూసింది నేనే.
పిడచంత ఎంసీలుతో ఆపేశానని
ఇంట్లో గొప్పగా చెప్పుకున్నదీ నేనే.
ట్రే అంచు కోసిన వేలిని జేబులో పెట్టుకున్నాను.
జోజప్ప చూశాడు.
చూసి, నీలకంఠాన్ని టీకి పంపాడు.

కొత్త పంపు, కొత్త గాస్కెట్, తుప్పు పట్టని క్లిప్పులు.
ఇంజను తిరుగుతుండగా పై గొట్టం పిండుతూ కూర్చున్నాడు,
చంటిబిడ్డకి తేనుపు తెప్పించినట్టు.
బుడగ. బుడగ.
చాలాసేపటికి పెద్ద బుడగ ఒకటి.
నేల మీద ఒలికినదాని మీద నేనే మట్టి పోశాను.

పంపు పద్దెనిమిది వందలు, బోల్టు కూలి ఆరొందలు.
ఎంసీలు ఊసు బిల్లులో లేదు.

మర్నాడు ఎండాడ ఎత్తు మీద ముల్లు
సగం దగ్గరే కూర్చుంది, కదల్లేదు.
ఆనందపురంలో ట్రేలు దించాక
కిందకి వంగి, మెడ కింద తడిమి చూశాను.
పొడిగా ఉంది.
రోజూ చూస్తున్నాను,
ఆ గాటున్న వేలితోనే.