గీత

కావలి ట్రంకు రోడ్డులో, రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
నాదొక జిరాక్సు షాపు.
మిషను అద్దం మీద వెంట్రుకంత గీత పడిందనుకో,
ఒరిజినలు ఎంత శుభ్రంగా ఉన్నా
ప్రతి కాపీ మీదా ఆ గీత పడద్ది.
ఇరవయ్యేళ్లుగా తెలిసిన సంగతే.
కుక్క దగ్గర మాత్రం గుర్తుకు రాలా.

మిరియం. నల్ల లాబ్రడారు.
ఎత్తు, రంగు, మూడు తరాల పేర్లు,
తండ్రికి మద్రాసు షోలో వచ్చిన మెడలు.
సర్టిఫికెట్టుకు నేనే లామినేషను చేసి
షాపులో తగిలించా.
అందులో కళ్లకంటూ ఒక్క గడి కూడా లేదని
అప్పుడు చూడలా.

మొదట మెట్ల కాడ ఆగింది.
పగలు కాదు, కరెంటు పోయిన సాయంత్రాలు.
బిందెను గుద్దుకుని, తప్పు బిందెదే అన్నట్టు మొరిగింది.
ఆరేళ్లొచ్చినాయి, ఒళ్లు బరువెక్కిందనుకున్నా.
టార్చి వేస్తే కళ్లు మునుపటికంటే మెరిసినాయి,
పచ్చగా, ఖాళీ ఇంట్లో ఆర్పడం మరిచిన బల్బులా.
ఎంత బాగున్నాయో చూడమని
మా ఆవిడని కూడా పిలిచా.

తిరుపతి వెటర్నరీ కాలేజీలో, చీకటి గదిలో,
దాని గడ్డం అరచేతిలో పెట్టుకుని
డాక్టరమ్మ చానాసేపు లోపలికి చూసింది.
"కంటి వెనక పొర ఎండిపోతా ఉంది.
ముందు రాత్రి పోద్ది, తర్వాత పగలు.
నొప్పుండదు. మందూ లేదు."
ఆమె అడిగింది, పిల్లలెన్ని?
రెండు తూర్లు, పదకొండు.
పెన్ను మూత పెట్టేసింది.

తల్లి పాలు ఒకటి, తండ్రి పాలు ఒకటి,
రెండూ కలిసిన పిల్లకి చీకటి.
ఒకటే వచ్చిన పిల్ల బాగానే చూస్తది,
చూస్తానే చీకటిని ఇంకో ఇంటికి మోసుకుపోద్ది.

గూడూరు దాటేదాకా నేను మాట్లాడలా.
మిరియం కిటికీలోంచి ముక్కు బయట పెట్టి
ఊళ్లన్నీ వాసన చూసుకుంటా వచ్చింది.

లెక్కల పుస్తకం తీశా.
పిల్లకి పన్నెండు వేలు చొప్పున రాసుకున్న పేజీ.
కోవూరు బియ్యం మిల్లు. బిట్రగుంట రైల్వే గార్డు.
ఒకరి నంబరు మారింది.
ఒకరు డబ్బులు వెనక్కడిగారు, ఇస్తానన్నా.
ఏడో ఫోను అల్లూరు కాడ రొయ్యల గుంటలకి.
రాత్రి కాపలాకని కొన్నారు దాన్ని.
రాత్రి కాపలాకని!

మాలకొండయ్య అంతా విన్నాడు.
వెనక ఏరేటర్ల చప్పుడు.
"పోయిన నెల రెండు తూర్లు గుంటలో పడింది సామీ.
కళ్లు నెత్తికెక్కినాయని
కట్టెతో కొట్టినా."
ఇంకేమీ అనలా. ఫోనూ పెట్టలా.

ఇంట్లో లవంగం ఉన్నాడు, రెండో కాన్పు కొడుకు.
నిలబడితే ఫొటో తియ్యాలనిపిస్తాడు.
రక్తపరీక్ష కాగితం మీద ఒకటే మాట, క్యారియరు.
అన్నం క్యారియరేమో అనుకుంది మా ఆవిడ.
జత కట్టించడానికి ఒంగోలు కాంట్రాక్టరు
పదిహేను వేలు అడ్వాన్సు ఇచ్చున్నాడు.
నీ ఆడదానికీ పరీక్ష చేయిద్దాం, బాగుంటే అప్పుడు చూద్దామన్నా.
"చూపుదేముందబ్బా, బొమ్మ బాగుండాల.
పిల్లలు రెణ్ణెల్లకే అమ్ముడుపోతాయి,
గుడ్డితనం ఎప్పుడో ఆరేళ్లకి.
అప్పటికి నువ్వెవరు, నేనెవరు?"
ఒంగోలోడివి, గిత్తని ఎంచేటప్పుడు
తల్లి సంగతి అడగవా అన్నా.
నోట్లు రెండుసార్లు లెక్కబెట్టుకుని పోయినాడు.

మంగళవారం లవంగానికి ఆపరేషను.
కుట్లు నాకకుండా
లామినేషను షీటు గొట్టంలా చుట్టి మెడకి తగిలించా.
మెట్టు మెట్టుకీ గోనెపట్టా మేకులు కొట్టా,
మిరియం కాలికి తెలియాలని.

ఆదివారం మాలకొండయ్య మోపెడ్డు మీద వచ్చినాడు,
కుక్కని ముందు కూచోబెట్టుకుని.
"వెనక్కిచ్చేదానికి కాదు.
ఒకసారి తల్లికి చూపిచ్చి పోదామని."
చూపిచ్చి అన్న మాట కాడ ఆగి
నా మొహం చూశాడు.

రెండూ ముక్కులు ఆనించుకుని
అట్టాగే నిలబడినాయి.
నాలుగు గంటలు.
ఇంకా కొంచెం పగలుంది.