కిలో తొమ్మిది వందలు

మొదటిది పుదుపేటలో కొన్నాను.
నాలుగు కిలోలు.
అమ్మినవాడు దాన్ని బల్ల మీద నిలబెట్టి
బొంగరంలా తిప్పి చూపించాడు.
"ఈ ఫ్లైవీల్ వేస్తే రెక్కలే సార్."

రెక్కలొచ్చిన మాట నిజమే.
బొటనవేలు తాకితే చాలు
ముల్లు ఆరువేలకు ఎగిరేది,
కాలు తీస్తే అంతే తొందరగా కూలేది,
ఒకటో తారీఖు నిండి
పదో తారీఖుకి ఖాళీ అయ్యే జేబులా.

పాడి వంతెన ఎక్కుతూ మూడుసార్లు ఆగిపోయింది
నా ఇరవై రెండేళ్ల బలెనో,
దాని కొత్త టర్బోతో సహా.
వెనక ఆవడి బస్సు డ్రైవరు తల బయటపెట్టి
తమిళంలో మా అమ్మని పలకరించాడు.
క్లచ్ మీద ఎడమకాలు వణుకుతోంది.
పోనీ, ఇది ఊరికోసం కాదుగా అనుకున్నాను.

ఆదివారం ఇరుంగాట్టుకోట్టై. పావు మైలు.
ఐదువేల మీద పట్టి క్లచ్ వదిలితే
బండి దూకబోయి,
మధ్యలో మాట మరిచిన ఉపన్యాసకుడిలా
నిలబడిపోయింది.
టర్బో మళ్లీ ఊపిరి కూడదీసుకునేలోగా
పక్క లేన్లో డీజిల్ పోలో వెనక లైట్లు
చింతగింజలంత అయిపోయాయి.

అంబత్తూరు ఎస్టేట్లో ద్వారకనాథం లేత్ షెడ్డు.
నగరి వదిలి నలభై ఏళ్లయినా
నోట్లో నగరి అట్లాగే ఉంది.
నాలుగు కిలోలదాన్ని కాటాకెత్తాడు,
తర్వాత కంపెనీది: ఎనిమిది పాయింట్ ఒకటి.
తర్వాత నావైపు చూశాడు, నన్నూ తూస్తున్నట్టు.

"ఇంట్లో గ్రైండరుండాదా అబ్బా?"
ఉంది.
"పిండి రుబ్బతా ఉంటే కరెంటు పొయ్యిందనుకో,
రాయి ఎన్ని చుట్లు తిరగతాదో ఎంచినావా ఎప్పుడన్నా?"
లేదు.
"మా ఇంట్లో మూడున్నర.
కరెంటు లేకపోయినా
ఆ మూడున్నర చుట్లూ పప్పు నలగతాది."

ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.
టీ వచ్చింది. అందులో ఈగ పడింది. ఇంకో టీ వచ్చింది.

రేసుకి ఎంతుండాలి, రోడ్డుకి ఎంతుండాలి అన్నాను.
"ఆరు దినాలు సిగ్నళ్లు.
నెలకొక ఆదివారం పదైదు సెకన్లు.
లెక్క నువ్వే వేసుకో.
నాలుగు పెడితే లేస్తాది, నిలవదు.
ఎనిమిది పెడితే నిలస్తాది,
లేచేదానికి బద్దకం."

అసలుదాన్నే లేత్‌కి బిగించాడు.
సుద్దతో గీత గీశాడు, చెరిపాడు,
వేలెడు బయటికి జరిపి మళ్లీ గీశాడు.
"బరువు అంచులో ఉంటేనే మాట చెల్లేది.
నడిమి ఎంత గోకినా ఊరికే."

పోత ఇనుము చుట్లు చుట్టుకోదు,
నల్లటి బొంబాయి రవ్వలా రాలుతుంది.
ఇంకొంచెం తియ్యండి అన్నాను.
టూలు ఆపాడు.
"ఏడువేల కాడ ఇది పగిలిందంటే
ముందర ఉండేది నీ పాదాలే."

ఆరు కిలోల రెండు వందల దగ్గర ఆగింది.
షెడ్డు మూసేముందు రవ్వంతా ఊడ్చి
బియ్యం సంచిలో పోసి ముడేసి
నా చేతిలో పెట్టాడు.
"నీ సొత్తు. కిలో తొమ్మిదొందలు."

పాడి వంతెన ఇప్పుడు ఒక్క ఊపుకే ఎక్కుతుంది,
రెండో గేర్లో కాస్త గొణుగుతుంది, అంతే.
మొన్న ఆదివారం
గేర్ల మధ్య టర్బో ఊపిరి తెగలేదు.
గెలవలేదు.
పోలో లైట్లు మాత్రం చింతగింజల దాకా పోకుండా
రేగుపళ్ల దగ్గరే ఆగాయి.

చీకటిపడ్డాక, పక్క సీటు కిందికి దొర్లిన
మూత కోసం చెయ్యి పెడితే
బియ్యం సంచి తగిలింది.

లైను మీదికి వెళ్లేముందు
స్టెప్నీ దించాను, జాకీ దించాను,
వెనక సీటు ఊడబెరికాను,
సగం తాగిన నీళ్ల సీసా కూడా గట్టున పెట్టాను.
దీన్ని మోసుకుంటూ
పరిగెత్తాను.