తీసివేత

మార్చి మొదటివారం. కుషిరో పన్ను కార్యాలయం.
కిటికీ అవతల రేవు మీద మంచు
కరగాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.

నలభై ఏడో టోకెను పట్టుకుని
కురమోచి గారు నా బల్ల ముందు కూర్చున్నారు.
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా.
బిస్కెట్ల డబ్బా నిండా ఆస్పత్రి రసీదులు,
నెలకో రబ్బరుబ్యాండు.
నవంబరు కట్ట సన్నగా ఉంది.
ఆ తర్వాత కట్ట లేదు.

"ఇదంతా తిరిగిస్తారటగా?"

రోజుకి ఇరవైసార్లు చెప్పే మాటే మళ్ళీ చెప్పాను:
తిరిగివ్వరండీ. మీ ఆదాయంలోంచి ముందు దీన్ని తీసేస్తాం,
మిగిలినదాని మీదే పన్ను.
చేప తూచేముందు ఐసు దులుపుతారు చూడండి,
అలాగ. ఐసుకి ఎవరూ ధర కట్టరు.

ఆయన తలూపారు. ఐసు సంగతి ఆయనకి తెలుసు.

బస్సు చార్జీలు, సరే.
సొంత కారు పెట్రోలు, కుదరదు.
"తుఫాను రోజు బస్సులు తిరగలేదమ్మా."
టాక్సీ అయితే రాసుకోవచ్చండి.
"టాక్సీకి డబ్బు దండగని
తనే వద్దంది."
నేను కాలిక్యులేటరు వైపు చూశాను.

విడిగా మడిచిన కాగితం ఒకటి తోశారు. విగ్గు.
అది వైద్యం కింద రాదని చెప్పాను.
దాన్ని డబ్బాలో వెయ్యలేదు,
చొక్కా జేబులో పెట్టుకున్నారు.

మూడు లక్షల నలభై రెండు వేల యెన్లు.
బీమా ఇచ్చిన అరవై రెండు వేలు పోను,
చట్టం మనమే మోయాలన్న లక్ష పోను
లక్షా ఎనభై వేలు.
పన్ను విధించదగిన ఆదాయం అంతమేర తగ్గింది.
చేతికి మిగిలేది తొమ్మిది వేలు.
"ఇంతేనా" అంటారని జవాబు సిద్ధం చేసుకున్నాను.
అనలేదు.

భార్య పేరు గడి ఖాళీగా వదిలేశారు.
"నవంబరు దాకానే కదా.
పదకొండు నెలలకి ఎంత వస్తుందో
నాకు లెక్క కట్టడం రాలేదు."

నెలల లెక్క లేదండీ దీనికి.
పోయిన రోజుకి ఆమె మీ ఆధారమైతే
ఏడాది మొత్తం ఆధారమే.
కోతపెట్టరు.

పక్క బల్ల దగ్గర ఎవరో స్టాంపు గట్టిగా వేశారు.

"డిసెంబరు కూడానా?"

డిసెంబరు కూడా.

పెన్ను మూత తీసి
ఫుమిఎ అని రాశారు,
గడి దాటి, పక్క గడిలోకి పోయేంత పెద్దగా.
నిజానికి దిద్దమని చెప్పాలి.
యంత్రం చదవదు.

నలభై ఎనిమిదో నంబరు, అని పిలిచాను.