తాళంచెవి

సరగోసా నుంచి రోజుకొక్కటే బస్సు.
అది దించిపోయిన చోట
నూట పదిమంది ఊరు, ఒక కుళాయి,
కోటలా మందమైన గోడల చర్చి. తాళం వేసి ఉంది.
తలుపు మీద అట్టముక్క:
"తాళంచెవి ఎమెతేరియా దగ్గర. ఆకుపచ్చ తలుపు. గట్టిగా కొట్టండి."

ఊళ్ళో ఆకుపచ్చ తలుపులు మూడు.
ఒకటి పడిపోయిన ఇంటిది,
ఒకదాని వెనక మేకలు.
మూడోది తీసినావిడ
నేను నోరు తెరవకముందే
ఏప్రన్ జేబులోంచి మూరెడు ఇనుము లాగింది.

"మా భాషలో దీన్ని తాళానికి చెవి అంటాం"
అన్నాను నా అరకొర స్పానిష్‌లో.
"అయితే ఇది ముసలి చెవి.
రెండుసార్లు చెబితే గాని వినదు" అంది.

రెండోసారికి విన్నది.
లోపల చలి. బయట జూలై మండిపోతుంటే
ఎనిమిది వందల ఏళ్ళుగా ఎవరూ గెంటెయ్యని చలి.
కొవ్వొత్తుల మైనం, గబ్బిలాల కంపు,
పైన గంటల గోడ మీద కొంగలు
ముక్కులు టకటకలాడిస్తున్న చప్పుడు.

నేను చదువుకొచ్చినవన్నీ అడిగాను:
హాస్పిటలర్ యోధుల రహస్య గుర్తులెక్కడ,
నేల కింద సొరంగముందంటారు, నిజమేనా?
ఆవిడ కప్పు వైపు వేలు చూపింది.
"వాన కురిసేది అదిగో, అక్కడ.
సొరంగమే ఉంటే నీళ్ళైనా పోయేవి."

స్తంభం మీద ఎనిమిది మొనల శిలువ.
దాని కింద సన్నగా గీతలు,
రాళ్ళు చెక్కినవాళ్ళు కూలి లెక్కకని
ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకున్నవి:
ఒక బాణం, ఒక నిచ్చెన, తిరగబడ్డ చేప.
యోధుల పేర్లు అరిగిపోయాయి గాని
కూలీల లెక్క ఇంకా తేలలేదు.

మూలన రాతి మంచం మీద రాతి మనిషి.
ముక్కు లేదు. కత్తి సగమే.
మంచం అంచు ఒకచోట
పడవలా వంగి నున్నబడింది.
"మా అమ్మమ్మలు కొడవళ్ళు నూరుకున్నారు.
పండిన గోధుమల్లో పదోవంతు,
పండక్కి రెండేసి కోళ్ళు పట్టుకుపోయాడు కదా,
ఆమాత్రం బాకీ తీర్చుకోనీ"
అంటూనే ఏప్రన్ చెంగుతో అతని కనురెప్పల దుమ్ము తుడిచింది,
పసివాడి మూతి తుడిచినట్టు.

అతని కాళ్ళ దగ్గర రాతి కుక్క.
యజమాని నిద్రపోయాడు, అది పోలేదు.
ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంది.
రెండోది లేదు.

"వీళ్ళకో నియమం ఉండేదట" అన్నాను.
"జబ్బుపడ్డవాళ్ళని మా దొరలు అనేవారట.
దొరలు తిన్నాకే తాము తినేవారట."

ఎమెతేరియా కిటికీలోంచి పడ్డ ఎండ
ఏ బండ దాకా వచ్చిందో చూసింది.
"నాలుగైంది. మా దొరకి సూప్ పట్టాలి.
నీ చూడ్డం అయ్యాక తాళం వేసి
చెవి మా కిటికీలోంచి అందియ్యి."

ఆవిడ వెళ్ళాక ఏం చెయ్యాలో తోచలేదు.
ప్రార్థన నాకు రాదు.
చెప్పులు విప్పాను. ఇక్కడెవరూ విప్పరు.
కాసేపు కుక్క పక్కన కూర్చున్నాను,
చెవి ఉన్న వైపు.

ఆకుపచ్చ తలుపు పక్క కిటికీలోంచి
ముందు వెల్లుల్లి వాసన వచ్చింది,
తర్వాత ఒక చెయ్యి,
మచ్చలతో, వణుకుతూ,
ఎంతసేపటికో ఇనుముని దొరకబుచ్చుకుంది.
మంచం మీంచి సాతుర్నీనో గొంతు:
"కుక్క ఎలా ఉంది?"

బాగుందన్నాను. ఒక చెవి లేదన్నాను.
"ఏడేళ్ళప్పుడు దాన్ని గుర్రం చేసి ఎక్కాను.
ఫాదర్ చంపేస్తాడని ఎవరికీ చెప్పలేదు,
ఈవిడకైనా
పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి గాని."

బల్ల మీద మందుల చీటీలు.
ఫ్యాను గాలికి ఎగరకుండా వాటి మీద
బొటనవేలంత రాయి,
ఒక పక్క గుంటపడి.

ఎమెతేరియా చెంచా మీద ఊదుతోంది.
ఆవిడ గిన్నె ఇంకా బోర్లించే ఉంది.